రోజుకి బెత్తెడు

ఆనకట్టకి ఆరు తలుపులు, ఆరు ఇనప చక్రాలు. వాటిని తిప్పేది ఒక్క మనిషి. అందుకే ఊరంతా ఆవిడని గేటమ్మ అనేవాళ్ళు. అసలు పేరు ఆఫీసు కాగితాల్లో భద్రంగా ఉంది. అక్కణ్ణించి బయటికి ఎప్పుడూ రాలేదు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా ఒకే వైపు నిలబడి చక్రం తిప్పడం వల్ల కుడి భుజం ఎడమదానికన్నా కాస్త పైకి ఉంటుంది.

గేటు గది పదడుగుల చదరం. ఒక బల్ల, ఒక స్టూలు, మేకుకి వేలాడే నూనె డబ్బా, నీటిమట్టం రాయడానికి గోడ మీద నల్లబల్ల. గదికి రెండు కిటికీలు. ఎడమ కిటికీలోంచి చూస్తే నది, కుడి కిటికీలోంచి చూసినా నదే. కాకపోతే ఎడమ పక్క నది మనిషెత్తు పైన ఉంటుంది.

ఈ పని ఆవిడకి మామగారి నుంచి వచ్చింది. నిజానికి కొడుక్కి రావలసింది. కానీ ఆ కొడుక్కి, అంటే గేటమ్మ మొగుడికి, కుర్చీ ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. ఆయన ఒడ్డున ఉన్న ఫిల్టరు హౌస్‌లో, గట్టి నేల మీద, ఊరి తాగునీటిని వడకట్టే ఇసుక మడులు కడిగే పనిలో కుదురుకున్నాడు. చక్రం కోడలు పట్టుకుంది. "మా ఇంట్లో పై పని ఆవిడది, కింద పని నాది" అని ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

మామగారు మితభాషి. పని అప్పజెప్పేటప్పుడు ఏ చక్రం ఎటు తిప్పాలో చూపించి, చివర్లో ఒక మాట అన్నాడు.

"నీళ్ళు దించాల్సి వస్తే రోజుకి బెత్తెడే దించమ్మా."

నాలుగు వేళ్ళు పక్కపక్కన పెడితే ఎంత వెడల్పో అంత. మూడంగుళాలు.

"ఎందుకు మామయ్యా?"

ఆయన వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి, అరచేతి పొడవున్న నల్లటి ఆల్చిప్పని పైకి తీశాడు. "ఇవి నడవాలిగా" అని, మళ్ళీ ఎక్కడిది అక్కడే పెట్టాడు. ఆల్చిప్ప నడవడమేమిటని గేటమ్మ లోపల్లోపల నవ్వుకుంది. పెద్దాయన మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. మరో రెండేళ్ళకి పోయాడు.

ఆ మాట విలువ ఆవిడకి పన్నెండేళ్ళ కిందట తెలిసింది. అప్పటి ఇంజినీరు మరమ్మతు కోసం ఒక్క పూటలో నీళ్ళు దించమన్నాడు. ఆవిడ ఒకసారి బెత్తెడు సంగతి చెప్పింది. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. ఆవిడ వెళ్ళి ఆరు తలుపులూ ఎత్తింది. మధ్యాహ్నానికి నది మధ్యలో ఒక పాయ అయింది. ఆ పాయకి రెండు పక్కలా బురద, ఆ బురదలో వేలకి వేలు ఆల్చిప్పలు నోళ్ళు బిగించుకుని, ఎండకి ఆగలేక తెరుచుకుని. పై ఊళ్ళో ఇసుక తవ్వినా, రంగుల మిల్లు నీళ్ళు వదిలినా బతికి బట్టకట్టినవి ఒక్క పూటకే పోయాయి. ఊరు పది రోజులు ముక్కు మూసుకుని తిరిగింది.

రెండో రోజున గేటమ్మ ఊరుకోలేక వీధిలోవాళ్ళని బకెట్లతో పిలుచుకొచ్చింది. బతికున్నవాటిని ఏరి, ఒడ్డు మీంచి పాయలోకి విసిరించింది. సాయంత్రానికి చేతులు కడుక్కుని, కొన్నైనా దక్కాయని నిద్రపోయింది. మరుసటి ఏడు నీళ్ళు పలచబడ్డాక చూస్తే విసిరినవి విసిరినచోటే ఉన్నాయి. మెత్తటి ఒండ్రులో తలకిందులుగా కూరుకుపోయి, ఖాళీ చిప్పలై. నీళ్ళలో పడేస్తే చాలనుకున్నది తనే. పడేయించింది కూడా తనే. ఇంజినీరుది ఒక తప్పు, తనది రెండో తప్పు. ఆవిడ ఈ లెక్క ఎవరి దగ్గరా దాచలేదు.

మిగిలినవి ఒక్క చోటే మిగిలాయి. ఎడమ ఒడ్డున రాతి గోడ నిలువుగా రెండడుగులు దిగి, దాని అడుగున ముప్ఫై అడుగుల వెడల్పు గులకరాళ్ళ మెరక ఉంది. గేటమ్మ దాన్ని అరుగు అంటుంది. అరుగు మెల్లగా వాలుతూ నాలుగడుగుల లోతుకి చేరి, అక్కణ్ణించి పాయలోకి ఏటవాలుగా దిగిపోతుంది. అప్పట్లో పక్కనుంచి ఊట నీరు జారడం వల్ల అరుగు మీద కొన్ని వందలు బతికాయి. ప్రతి ఏడూ నీళ్ళు తగ్గినప్పుడు ఆవిడ మోకాలు లోతుకి దిగి, పాదాలతో తడిమి చూసేది. కొన్నేళ్ళ తర్వాత పాదానికి తగిలేవి పెరిగాయి.

ఇప్పుడు రెండో తలుపు అడుగున రబ్బరు పట్టీ ఊడి, ఇరుసు అరిగి, నీళ్ళు చిమ్ముతున్నాయి. మరమ్మతుకి నీళ్ళు ఆరడుగులు దించాలి. ఈసారి అరుగు కూడా ఎండుతుంది. ఊట ఎప్పుడో ఆగిపోయింది. మళ్ళీ తొందరపడితే ఈ నదిలో ఆల్చిప్ప అన్నది ఉండదు.

కొత్త ఇంజినీరుకి ముప్ఫై ఏళ్ళుంటాయి. మెరిసే బూట్లు. పడవలాయన్ని వెంటబెట్టుకుని గేటు గదికి వచ్చాడు. పడవలాయనవి రేవులో ఎనిమిది పడవలు; జనాన్ని ఎక్కించుకుని నదిలో తిప్పడం ఆయన పని. గేటమ్మని చెల్లెమ్మా అంటాడు, ప్రతి విషయానికీ పోట్లాడతాడు.

"ఇరవై ఆరో రోజు పొద్దున క్రేను వస్తుందమ్మా" అన్నాడు ఇంజినీరు. "అప్పటిదాకా నీళ్ళు ఇలాగే ఉంచి, చివరి మూడు రోజుల్లో దించేద్దాం. వీళ్ళ పడవలకీ ఇబ్బంది ఉండదు."

"ఇరవై నాలుగు రోజులు కావాలి సార్. రోజుకి బెత్తెడు." ఆవిడ నాలుగు వేళ్ళు చూపించింది.

ఇంజినీరు తన చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు. "నా బెత్తెడుతో అయితే ఇరవై రోజులే పడుతుంది."

"అయితే చక్రం కూడా మీరే తిప్పండి."

పడవలాయన నెత్తి కొట్టుకున్నాడు. "ఇరవై నాలుగు రోజులా! నా పడవలు బురదలో కూర్చుంటే జనం వచ్చి ముచ్చటగా చూసి వెళ్తారా చెల్లెమ్మా? గవ్వల కోసం మనుషుల నోట్లో మట్టి కొడతావా?"

"గవ్వలు కాదన్నయ్యా, ఆల్చిప్పలు. నువ్వు పొద్దున తాగిన నీళ్ళు అవి వడగట్టినవే. ఒక్కోటి రోజుకి రెండు బిందెలు వడగడుతుంది."

"ఎవరు చెప్పారు, ఆల్చిప్పలే చెప్పాయా?"

"మా ఆయన చెప్పాడు" అని ఆవిడ బల్ల కిందనుంచి ఒక కట్ట లాగింది. పద్దెనిమిదేళ్ళ గోడ క్యాలెండర్లు. ఫిల్టరు హౌస్‌లో ఇసుక మడి మురికితో పూడుకుపోయి కడిగిన రోజున మొగుడు తారీఖు చుట్టూ సున్నా చుట్టేవాడు, గుర్తుండటానికి. మొదటి ఆరేళ్ళ క్యాలెండర్లలో సున్నాకీ సున్నాకీ మధ్య ఇరవై రోజులు. ఆల్చిప్పలు చచ్చిన ఏడాది నుంచి తొమ్మిది రోజులు. ఆ తర్వాత పదీ, పదకొండూ అంటూ మెల్లగా పెరిగి, పోయిన నెలకి పధ్నాలుగు.

ఇంజినీరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. క్యాలెండర్లు ఒక్కొక్కటే తిప్పాడు. "దీనికి వేరే కారణాలు కూడా ఉండొచ్చమ్మా."

"ఉండొచ్చు సార్. పరీక్ష చేసి చూడాలంటే మటుకు మళ్ళీ చంపి చూడకండి."

ఆయన నవ్వలేదు. క్యాలెండర్ల కట్ట బల్ల మీద పెట్టి అన్నాడు: "సరే. రేపే మొదలుపెట్టండి. కానీ ఇరవై ఆరో రోజు పొద్దున క్రేను దిగేసరికి ఆరడుగులూ దిగి ఉండాలి. దిగకపోతే ఆరు తలుపులూ నేనే ఎత్తిస్తాను. అప్పుడు నన్నేం అనకూడదు."

"అనను" అంది గేటమ్మ.

మర్నాడు పొద్దున్నే చక్రం పావు చుట్టు తిప్పింది. నల్లబల్ల మీద ఒక గీత గీసింది. రెండో రోజు రెండో గీత. రోజూ ఒడ్డు పొడవునా నడిచి చూసేది. గోడ తడి రాళ్ళు మెరుస్తున్నాయి, అంతే. ఎనిమిది రోజులు గడిచినా ఒక్క ఆల్చిప్ప కదిలిన జాడ లేదు.

పడవలాయన పనిలేక రేవు మెట్ల మీద కూర్చుని ఆవిడ రాక కోసమే చూసేవాడు. "ఏం చెల్లెమ్మా, ఇవాళైనా బయల్దేరాయా? మూటాముల్లె సర్దుకుంటున్నాయేమో, కాస్త ఆగుదాంలే."

ఇంట్లో మొగుడు అన్నం తింటూ అడిగాడు. "ఏమే, నిజంగా నడుస్తాయంటావా? మా నాన్న ఊరికే అన్నాడేమో."

"మీ నాన్న నోటమ్మట ఊరికే ఒక్క మాటైనా రావడం ఎప్పుడైనా విన్నారా?"

ఆయన ఆలోచించాడు. "లేదనుకో."

పైకి అలా అన్నా, చెయ్యి కడుక్కుని మళ్ళీ ఒడ్డు చూడటానికి వెళ్ళింది.

తొమ్మిదో రోజు పొద్దున నీళ్ళు గోడని వదిలి అరుగు మీదికి వచ్చాయి. నాలుగడుగుల మేర సన్నటి బురద బయటపడింది. దాని మీద, ఎవరో పుల్లతో గీసినట్టు గీతలు. ఒకటి కాదు, పది కాదు. ఒడ్డు పొడవునా వందల గీతలు. కొన్ని తిన్నగా, కొన్ని దారి తప్పి వంకర తిరిగి మళ్ళీ సర్దుకుని, అన్నీ నీళ్ళ వైపే. ప్రతి గీత చివరా, నీటి అంచుకి జానెడు లోపల, ఒక నల్లటి ఆల్చిప్ప. చిప్ప సందులోంచి తెల్లటి నాలుకలాంటి కాలు బయటికి సాచి, నేలలో గుచ్చి, తనని తాను ఒక వేలెడు ముందుకి లాక్కుని ఆగుతోంది. మళ్ళీ సాచుతోంది.

గేటమ్మ ఒడ్డున గొంతుక్కూర్చుండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కిందట లోపల్లోపల నవ్వుకున్నది గుర్తొచ్చింది. "నడుస్తున్నాయి మామయ్యా" అంది పైకే.

పడవలాయన వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు. వంగి ఒక గీత పొడవునా వేలు పోనిచ్చాడు. చివరికి అన్నాడు: "నిజంగానే నడుస్తున్నాయే. మరి అప్పుడెందుకు నడవలేదు?"

"అప్పుడూ నడిచేవే. మనం టైమివ్వలేదు."

పదకొండో రోజు దాకా పని సాఫీగా సాగింది. ఆ మధ్యాహ్నం ఎగువన వాన పడింది. నీళ్ళు దిగడం మాని రెండు బెత్తెలు పైకి వచ్చాయి. ఆవిడ రెండు గీతలు చెరిపేసింది. మూడు రోజులు ఆవిడ తలుపులు కాస్త ఎత్తి పట్టుకుని నీటిని ఆపగలిగిందే తప్ప దించలేకపోయింది. పదిహేనో రోజు పొద్దునకి నల్లబల్ల మీద మిగిలిన గీతలు తొమ్మిదే. ఇంకా పదిహేను బెత్తెలు దిగాలి. చేతిలో ఉన్నవి పదకొండు రోజులు.

ఇంజినీరు వచ్చి గోడ మీదే సుద్దతో భాగించాడు. "రోజుకి నాలుగంగుళాల పైచిలుకు. మీ బెత్తెడు మీద ఒక్క అంగుళమమ్మా. ఒక్క అంగుళానికి ఏమైపోతాయి?"

"నిలువునా అంగుళమే సార్. అరుగు మీద అది అడుగుంపావు నేల. అవి పొద్దస్తమానం నడిస్తే నాలుగడుగులు నడుస్తున్నాయి. గీతలు కొలిచాను. ఐదో అడుగు వాటివల్ల కాదు."

"మరి ఏం చేద్దాం? క్రేను ఆగదు."

గేటమ్మ కిటికీలోంచి నది వైపు చూసింది. రాతి గోడ మీద ఆరిన చారలు కనిపిస్తున్నాయి, మొదటి ఎనిమిది రోజులవి. ఆ ఎనిమిది రోజులూ తను వట్టి రాయి మీద బెత్తెడు చొప్పున నీళ్ళు దించింది. రాతి గోడ మీద ఒక్క ఆల్చిప్ప కూడా లేదు. రెండు రోజుల్లో దించేయవలసింది. మామగారి మాటని కళ్ళకద్దుకుందే కానీ, ఆ మాట ఎక్కడ పనిచేస్తుందో చూడలేదు.

"తప్పు నాదే సార్" అంది. "గోడ దగ్గర ఆరు రోజులు వృథా చేశాను. వాటిని కింద రాబట్టుకుంటాను. అరుగు అంచుకి ఇంకా ఏడు బెత్తెలు. ఏడు రోజులు రోజుకి ఒకటే. అంచు దాటితే ఏటవాలు. అక్కడ బెత్తెడు దిగితే అడుగు నేల కూడా తేలదు. అక్కణ్ణించి రోజుకి రెండేసి, నాలుగు రోజులు. ఏడూ నాలుగూ పదకొండు. బెత్తెలు పదిహేను. మీ క్రేను పొద్దున వస్తే ముందు రోజు సాయంత్రానికే పని అయిపోతుంది."

ఇంజినీరు మళ్ళీ సుద్ద అందుకుని కూడి చూశాడు. ఏడు, ఎనిమిది, పదిహేను. తన భాగహారాన్ని అరచేత్తో తుడిచేశాడు.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. సన్న చిప్పలవి నీళ్ళ వెంట నడిచాయి కానీ, మందపాటి ముసలివి ఉన్నచోటే గులకరాళ్ళలోకి మరింత దిగి, మొండికేశాయి. వాటిని చేత్తో తియ్యాల్సిందే. ఆ మాట గేటమ్మ రేవు మెట్ల దగ్గర అన్నప్పుడు పడవలాయన గొంతు సవరించుకున్నాడు.

"నా పడవలు ఊరికే పడున్నాయి. అడుగు చదునుగా ఉంటాయి, బెత్తెడు నీళ్ళలో కూడా తేలతాయి. కావాలంటే వాడుకో. నేను మాత్రం తొయ్యను."

మర్నాటినుంచి తోసింది ఆయనే. ఆయన భార్య వీధిలోంచి పదిమంది ఆడవాళ్ళని తీసుకొచ్చింది. తడి గోనెలు పరిచిన పడవల్లో ఆల్చిప్పల్ని పేర్చి, పాయ అంచున గులకరాళ్ళున్న చోటికి తీసుకెళ్ళారు. ఎవరూ విసరకూడదని గేటమ్మ ముందే గట్టిగా చెప్పింది. ఒక్కోదాన్ని పట్టుకుని, పొట్టి గుండ్రటి కొన కిందికి, సాగిన కొన పైకి వచ్చేలా, రాళ్ళ మధ్య మూడొంతులు దిగేదాకా నొక్కాలి.

"నారు నాటుతున్నట్టుంది వదినా" అంది పడవలాయన భార్య నడుం పట్టుకుంటూ.

"నారైతే నాలుగు నెలల్లో కోస్తావు. ఇవి నీ మనవరాలికి మనవరాలు పుట్టేదాకా ఉంటాయి."

మొగుడు కూడా సెలవు పెట్టి వచ్చాడు. నీళ్ళ లోతుకి ఆయనకి భయం లేదు, ఎత్తుతోనే పేచీ.

"ఏవండీ, అది తలకిందులుగా పెట్టారు."

"నాకు తిరిగితే దానికీ కళ్ళు తిరగాలా ఏమిటి?" అని ఆయన దాన్ని పీకి తిప్పి పెట్టాడు. ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. ఆ రోజంతా ఎవరు తప్పు పెట్టినా "దీనికి కళ్ళు తిరిగాయి" అనడం మొదలైంది.

ఇంజినీరు మూడో రోజు బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగాడు. ముసలివాటిని మొత్తం ఆరువందల పన్నెండు నాటారు. ఆయన ఒక చదువుకున్న సంగతి కూడా తెచ్చాడు. "వీటి పిల్లలు ముందు కొన్ని వారాలు చేపల మొప్పల్ని పట్టుకుని బతుకుతాయటమ్మా. తర్వాతే రాలి కింద కాపురం పెడతాయి."

గేటమ్మ నడుం నిటారు చేసింది. "అదా సంగతి! పొలుసు చేపలు ఎగువకి రాని ఏడు చిన్నవి ఎక్కడా తగలవు. ఎందుకో తెలిసేది కాదు."

"కిందటి రెండేళ్ళూ చేపలు వచ్చాయా?"

"బాగా వచ్చాయి."

ఇరవై ఒకటో రోజు నీళ్ళు అరుగు అంచుని దాటాయి. ఆవిడ అంచు పొడవునా మోకాళ్ళ మీద జరుగుతూ, గులకరాళ్ళని వేళ్ళతో పక్కకి తోస్తూ వెతికింది. ఒక చోట గీత కనిపించింది. దారప్పోగంత సన్నం. దాని చివర గోరంత ఆల్చిప్ప, పసుపు పచ్చగా, వెలుగు అవతలికి కనిపించేంత పలచగా. పక్కనే ఇంకో గీత. ఇంకోటి. తను కాళ్ళతో తడిమిన అన్నేళ్ళూ పాదానికి తగలనంత చిన్నవి ఇవి. ముసలివాటి మధ్య ఇన్ని పిల్లలున్నాయని ఎవరికీ తెలియదు. నాలుగు వేళ్ళ చొప్పున నీళ్ళు దిగుతుంటే, పెద్దవాటితో పాటు అవీ నడిచి వచ్చాయి.

"ఎన్ని?" అని పై నుంచి అరిచాడు ఇంజినీరు.

"లెక్కపెట్టలేను సార్!" అని ఆవిడ అరిచింది. పన్నెండేళ్ళ కిందట చచ్చినవాటి గురించి ఎవరో అడిగినప్పుడు కూడా ఇదే జవాబు చెప్పింది. ఈసారి మటుకు గొంతు రేవు దాకా వినిపించింది.

మిగతా నాలుగు రోజులూ రోజుకి రెండేసి బెత్తెలు దించింది. ఇరవై ఐదో రోజు సాయంత్రం కొలబద్ద మీద నీళ్ళు సరిగ్గా ఆరడుగుల గీత దగ్గర ఆగాయి. అరుగు మొత్తం వెతికితే చచ్చినవి నలభై ఒకటి. మర్నాడు పొద్దున క్రేను వచ్చేసరికి గేటమ్మ గది గుమ్మంలో టీ తాగుతోంది.

మరమ్మతు తొమ్మిది రోజుల్లో అయిపోయింది. రెండో తలుపు ఒక్క చుక్క కూడా కార్చలేదు. నీళ్ళు పైకి రావడానికి తొందరేమీ లేదు, అదీ మెల్లగానే నింపింది. నీళ్ళు మళ్ళీ గోడ ఎక్కిన రోజున ఇంజినీరు పెయింటరుని వెంటబెట్టుకుని వచ్చాడు. గేటు గది గోడ మీద, నల్లబల్ల పక్కన, తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో రాయించాడు:

నీళ్ళు దించే పద్ధతి. గోడ దగ్గర రోజుకి నాలుగు బెత్తెలు. అరుగు మీద ఒకటే. ఏటవాలు మీద రెండు. మించరాదు.

"ఆఫీసువాళ్ళు బెత్తెడంటే ఎంతని అడుగుతారమ్మా" అని ఇంజినీరు జేబులోంచి స్కేలు తీశాడు. "చెయ్యి పెట్టండి." కొలిచాడు. డెబ్బై ఆరు మిల్లీమీటర్లు. పెయింటరు ఆ అంకె కూడా వేశాడు. ఇంజినీరు అంతటితో ఆగలేదు. ఆవిడ నాలుగు వేళ్ళకీ రంగు పూయించి, అక్షరాల కింద గోడ మీద అద్దించాడు.

ఊరు కొత్త సంగతి చూడటానికి వచ్చింది. నదిలో మొదటి పడవ బయల్దేరింది. నిండా జనం. పడవలాయన తెడ్డు ఆపి అరుగు వైపు చూపిస్తూ గొంతెత్తి చెబుతున్నాడు: "ఇదిగో, ఇక్కడే నడిచాయి. నేను మొదటి రోజే అన్నాను, చెల్లెమ్మా, కంగారుపడకు, అవి నడుస్తాయి అని."

గేటమ్మ కిటికీలోంచి వింది. చేతి రంగు కిరసనాయిలు గుడ్డతో తుడుచుకుంటూ, "ఆ పడవ గోడకి తగలకుండా చూసుకో అన్నయ్యా!" అని కేకేసింది.

మొగుడు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. గది ఎత్తు మీద ఉంది, కిటికీలోంచి కిందికి కనిపిస్తుందని లోపలికి రాడు. గోడ మీది వేళ్ళ ముద్రని తల వంచి చూశాడు.

"ఇంట్లో కూడా ఒకటి వేయించరాదూ, కూరలో నూనె ఎంత పొయ్యాలో తెలుస్తుంది."

"మీకైతే ఒక్క వేలు చాలు" అని ఆవిడ తలుపు వేసి, తాళం బొడ్లో దోపుకుని, నది పక్కనే ఇంటి దారి పట్టింది.